నూటికి నలభై ఒకటి

నా ఉద్యోగం వినడం.
స్టాక్‌హోమ్‌లో, మూడో అంతస్తులో, చెవులకి నల్లటి దిండ్లు కట్టుకుని
దేశానికి కొత్తగా వచ్చినవాళ్ల స్వీడిష్‌ని
మిషన్ సరిగ్గా దిద్దిందో లేదో దిద్దుతాను.
పేర్లుండవు. అంకెలే.
ఈ వారం నా వంతుకొచ్చింది 4417.

మొదటి ఫైలు, రాత్రి రెండున్నర.
"నర్సు ఏడింటికి వస్తుంది" అనాలి ఆమె.
మా భాషలో నర్సుకీ ఏడుకీ మొదట ఒకటే ధ్వని.
శ కాదు, ష కాదు,
హ అనబోయి, ఖ దగ్గర తటపటాయించి
వేడి టీ మీద ఊదినట్టు వదలాలి.
ఆమె ష అంది.
ఎర్రగా వెలిగింది: నూటికి నలభై ఒకటి.
మళ్లీ అంది. నలభై.
మళ్లీ. నలభై ఒకటి.
"నాలుక వెనక్కి జరపండి" అంది మిషన్,
అదేదో అలమరలో గిన్నె అయినట్టు.

ఆమె 'క'లో చిన్న టపాకాయ పేలుతుంది.
తిగ్రిన్యా నుంచి వెంట తెచ్చుకున్నది.
అక్కడ 'క'లు రెండు, ఊరికే పలికేదొకటి, పేలేదొకటి.
నా జాబితాలో పేలేదానికి ఒకటే పేరుంది: దోషం.

వెనక చప్పుళ్లు నేను పట్టించుకోకూడదు.
పట్టించుకుంటాను.
మంచు తోసే బండి వెనక్కి నడుస్తూ పెట్టే కూత,
గోడ అవతల ఎవరిదో దగ్గు,
ఒకసారి, నలభై రెండు వచ్చిన రాత్రి,
తనకి తనే కొట్టుకున్న చప్పట్లు. రెండే.

గురువారం ఫైలు పగటిది.
మాత్రల డబ్బా మూత, చెంచా, రేడియోలో సముద్రం మీద గాలి కబుర్లు.
"ఏమిటా పెట్టెతో పోట్లాట?" అంది ఓ ముసలి గొంతు.
కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.
అది మా వైపు గొంతు. షెల్లెఫ్టియో నది దగ్గరిది,
మాటల చివర్లు కొరికి పారేసేది.
"నోరు తిరగట్లేదు, ఏవర్ట్ గారూ."
"ఇటివ్వు."
ఫోను పెదాలకి ఆనించుకుని, ఎనభై ఏళ్లుగా అంటున్నట్టే
ఆయన ఏడు అన్నాడు.
శుభ్రమైన ష తో.

నూటికి ముప్పై ఎనిమిది.

కాసేపు రేడియో ఒక్కటే మాట్లాడింది.
తర్వాత ఆయన నవ్వు, దాన్ని తరుముతూ ఆమె నవ్వు.
నా తెర మీద గీత పై అంచుకి తగిలి తెగింది.
"చూశావా లెతెబర్హాన్, నాకంటే నీకే మూడు మార్కులెక్కువ!"
అలా తెలిసింది ఆమె పేరు, నాకు తెలియకూడనిది.

ఆ ష నాకూ ఉండేది.
కాలేజీలో మొదటి వారం ఎవరో దాన్ని అనుకరించి
బల్ల చుట్టూ అందర్నీ నవ్వించారు, నన్ను కూడా.
మంచు పడేలోపే మార్చేసుకున్నాను.
అప్పుడు నన్ను దిద్దడానికి ఏ మిషనూ లేదు.
ఇప్పుడీ మిషన్‌కి ఒప్పు అంటే ఏమిటో నేర్పిన గొంతుల్లో
నాదీ ఒకటి.

ఆపడం మరిచిపోయిందేమో, ఇంకా పదకొండు సెకన్లుంది ఫైలు.
"రేపు ఏడింటికే వస్తా, సరేనా?" అందామె, ష తోనే.
ఆయన సరే అన్నాడు.
అంటే, మా వైపు అన్నట్టు:
పెదాలు సున్నా చుట్టి, ఊపిరి చప్పున లోపలికి లాగి. అంతే.
మా మేనత్త గున్‌వోర్ వల బాగుచేస్తూ అలాగే అనేది,
ఒప్పుకోవడానికి కూడా గాలి ఖర్చు చేయాలా అన్నట్టు.

మిషన్: "మాట వినిపించలేదు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి."

ప్రయత్నించింది ఆయన కాదు, ఆమె.
లోపలికి, చప్పున,
మొదటిసారే.

నా ముందు రెండే గడులు. ఒప్పు, దోషం.
ఐదు దాటింది, దీపాలు వాటంతటవే ఆరుతున్నాయి.
ఎవరూ లేరు కదా అని నేనూ ఒకసారి అని చూశాను.
పెదాలకి గుర్తుంది.
ఊపిరే, ఎటు వెళ్లాలో తేల్చుకోలేక,
దగ్గయి బయటికొచ్చింది.
4417 ఇంకా తెరిచే ఉంది.